దూరప్రయాణం – తక్కువ చార్జీ: ఒక హాస్టలు విద్యార్థి లెక్కలు

ఈ వ్యాసం రాస్తానంటే సంపాదకవర్గంలోని మిత్రుడొకరు నవ్వేరు. "సావనీరుకి కవితో, కథానికో ఇస్తావనుకున్నాం. రైలు టికెట్ల మీద వ్యాసమేమిటి గురూ!" అన్నారు. నేను ఎదురు ప్రశ్న వేశాను. "మన హాస్టల్లో ఎంతమంది దసరాకీ, సంక్రాంతికీ, వేసవి సెలవులకీ రైలెక్కుతారు? వాళ్ళలో ఎంతమంది కాలేజీ ఆఫీసులో దొరికే రాయితీ ఫారం తీసుకుని ఎక్కుతారు?" ఆయన రెండో ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ఆ ఫారం సంగతి ఆయనకీ తెలియదు. మూడేళ్ళుగా మా వరసలోనే వుంటున్నాడాయన! అంచేత ఈ వ్యాసం రాయక తప్పలేదు.

నాది అర్థశాస్త్రం ఎం.ఏ. ఆఖరు సంవత్సరం. మా ఊరు పలాస దగ్గర. ఇక్కడికి, అంటే తిరుపతికి, దాదాపు 900 కిలోమీటర్ల పైమాటే. అర్థశాస్త్రం చదువుతున్నాను గనుక ధరల సిద్ధాంతం గురించి పరీక్షలో పేజీలు పేజీలు రాసేను. కాని జేబులోంచి డబ్బు తీసి కొనే టికెట్ ధర ఎలా తయారవుతుందో చాలాకాలం నాకు తెలియదు. తెలియకపోవడంవల్ల ఏమైందో ముందు చెబుతాను.

రెండు టికెట్ల కథ

మొదటి సంవత్సరం సంక్రాంతికి ఇంటికి వెళ్ళాలి. "విశాఖపట్నం దాకా వెళ్ళు, అక్కణ్ణించి బళ్ళు బోలెడు" అని ఎవరో చెప్పేరు. తిరుపతి నుంచి విశాఖపట్నానికి ఒక స్లీపరు టికెట్, విశాఖపట్నం నుంచి పలాసకి ఇంకో స్లీపరు టికెట్ కొన్నాను. ఇంటికి చేరేక మా నాన్న రెండు కాగితాలూ అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక ఊరికి రెండు టికెట్లేటిరా నాయినా? దారిలో ఊరు మారిపోయిందేటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కాని ఆయన జీడిపప్పు బట్టీలో పని చేసి పంపిన డబ్బది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

సెలవుల తర్వాత ఒకరోజు స్టేషనుకి వెళ్ళి, జనం లేని వేళ చూసి బుకింగు గుమాస్తా గారిని అడిగేను. ఆయన వయసులో పెద్దవారు. ఓపిగ్గా చెప్పేరు.

"బాబూ, నువ్వు మూడు తప్పులు చేశావు. మొదటిది, పూరీ వైపు వెళ్ళే బండి తిన్నగా పలాస మీదుగానే పోతుంది. ఒకే టికెట్ కొనుండాల్సింది. రెండోది, స్లీపరుకి కనీస దూరం 200 కిలోమీటర్లు. విశాఖ నుంచి పలాసకి చిన్న దూరానికి విడిగా స్లీపరు కొన్నావు. మూడోది, స్టూడెంటువి కదా, కన్సెషన్ ఫారం ఏదీ?"

ఆ రాత్రి హాస్టల్లో లెక్క కట్టేను. కట్టవలసినదానికి రెట్టింపుకి పైగా కట్టేను. ఈ వ్యాసంలో వున్నదంతా ఆ మూడు తప్పులకి వివరణే అనుకోండి.

టికెట్ ధరలో ఏమేం వుంటాయి?

టికెట్ మీద ఒక్కటే అంకె కనిపిస్తుంది గాని, దాని వెనక నాలుగైదు అంకెలుంటాయి.

మొదటిది మూల చార్జీ. ఇది దూరాన్నిబట్టి, తరగతినిబట్టి, బండి రకాన్నిబట్టి వుంటుంది. రెండోది రిజర్వేషన్ రుసుం. కూర్చునే సెకండు క్లాసుకి 15 రూపాయలు, స్లీపరుకి 20, థర్డ్ ఏసీకి 40. మూడోది సూపర్‌ఫాస్ట్ రుసుం. సగటు వేగం గంటకి 55 కిలోమీటర్లు, ఆపైన వున్న బండిని సూపర్‌ఫాస్ట్ అంటారు. దీనికి స్లీపరులో 30 రూపాయలు, సెకండు క్లాసులో 15. నాలుగోది ఏసీ తరగతుల మీద జీఎస్టీ. ఇంట్లో కూర్చుని ఫోనులో కొంటే అయిదోది కూడా వుంది. చెల్లించే పద్ధతినిబట్టి ఏసీ కాని తరగతులకి 10 లేక 15 రూపాయల సౌకర్య రుసుం, దానిమీద జీఎస్టీ. స్టేషను కౌంటరులో ఇది వుండదు.

ఈ చిల్లర రుసుములు దూరంతో పెరగవు. టికెట్‌కి ఒకసారి పడతాయి. అంచేత ఒకే ప్రయాణాన్ని రెండు టికెట్లు చేస్తే ఇవి రెండుసార్లు పడతాయి. నా విషయంలో జరిగిందిదే.

చార్జీలు ఈమధ్య పెరిగిన మాట నిజమే. 2025 జూలై 1 నుంచి మెయిల్, ఎక్స్‌ప్రెస్ బళ్ళలో ఏసీ కాని తరగతులకి కిలోమీటరుకి ఒక పైసా పెంచారు. అదే సంవత్సరం డిసెంబరు 26 నుంచి ఇంకో 2 పైసలు పెంచారు. నా 900 కిలోమీటర్లకి రెండూ కలిపి 27 రూపాయలు. ఈ పెంపు మన చేతిలో లేదు. కాని తెలియక మనం అదనంగా పోగొట్టుకునేది దీనికి ఎన్నో రెట్లు. నా బాధంతా దాని గురించే.

దూరం పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది

మా అర్థశాస్త్రం పాఠాల్లో వచ్చే ముఖ్యమైన మాట ఇక్కడ పనికొస్తుంది. రైల్వే చార్జీ టెలిస్కోపిక్ పద్ధతిలో వుంటుంది. అంటే మొదటి కిలోమీటర్లకి రేటు ఎక్కువ. ముందుకి పోయేకొద్దీ ఒక్కో కిలోమీటరుకి రేటు తగ్గుతూ పోతుంది. 1000 కిలోమీటర్ల టికెట్ ఖరీదు 500 కిలోమీటర్ల టికెట్‌కి రెండింతలు కాదు. దానికి బాగా తక్కువ.

ఎందుకిలా? టికెట్ అమ్మడం, ప్లాట్‌ఫారం, స్టేషను సిబ్బంది, బండి కడగడం, పెట్టెలు కూర్చడం – ఈ ఖర్చులు నువ్వు వంద కిలోమీటర్లు వెళ్ళినా వెయ్యి వెళ్ళినా ఇంచుమించు ఒకటే. ఎక్కువ దూరం వెళ్ళేవాడి మీద ఆ ఖర్చు పల్చగా పరుచుకుంటుంది. సరుకుల రవాణాలోనూ ఇదే సూత్రం.

దీన్నించి వచ్చే నీతి చిన్నది: ప్రయాణం ఒకటైతే టికెట్ కూడా ఒకటే వుండాలి.

ఇంగ్లండులో చదువుకుంటున్న మన పూర్వ విద్యార్థి ఒకరు ఆమధ్య వచ్చినప్పుడు ఈ మాట చెప్తే ఆశ్చర్యపోయేరు. అక్కడ ఒకే ప్రయాణాన్ని ముక్కలు చేసి రెండు మూడు టికెట్లు కొంటే చాలాసార్లు చవక పడుతుందట. దానికి వాళ్ళు ప్రత్యేకంగా ఒక పేరు కూడా పెట్టుకున్నారు. అక్కడ చార్జీలు వేళనిబట్టీ, కంపెనీనిబట్టీ మారతాయి గనుక అలా కుదురుతుంది. మన దగ్గర దూరం ప్రధానం. అక్కడి చిట్కా ఇక్కడ వాడితే చెయ్యి కాలుతుంది. ఇక్కడ ముక్కలు చేయడంవల్ల బెర్తు దొరకొచ్చునేమో గాని డబ్బు మిగలదు.

తిన్నగా బండి లేని ఊరికైతే? కౌంటరులో ఫారం నింపేటప్పుడు మొదటి బండి, మారే స్టేషను, రెండో బండి – మూడూ రాసి మొత్తం దూరానికి ఒకే టికెట్ అడగాలి. మధ్యలో దిగి తర్వాతి బండి కోసం 24 గంటల లోపు ఆగడం ప్రయాణ విరామం కింద లెక్కలోకి రాదు.

దారిలో దిగి చూడొచ్చు

ఈ సంగతి నాకు తెలిసినప్పుడు లాటరీ తగిలినట్టయింది. 500 కిలోమీటర్లకి మించిన టికెట్ మీద దారిలో ఒకచోట దిగి రెండు రోజులు వుండి, అదే టికెట్ మీద ముందుకి పోవచ్చు. 1000 కిలోమీటర్లు దాటిన టికెట్ మీద అలా రెండుచోట్ల ఆగొచ్చు. దిగిన రోజూ, మళ్ళీ ఎక్కే రోజూ ఆ రెండు రోజుల్లో కలవవు. మొదటి మజిలీ మాత్రం 500 కిలోమీటర్లు వెళ్ళేకనే. రాజధాని, శతాబ్ది వంటి బళ్ళకి ఈ సదుపాయం లేదు.

ఉదాహరణకి తిరుపతి నుంచి ఢిల్లీకి 2000 కిలోమీటర్ల పైమాటే. పరీక్ష రాయడానికో, సెమినారుకో వెళుతున్నాం. భోపాల్‌లో దిగి సాంచీ స్తూపం చూసి, మళ్ళీ బండెక్కి, ఆగ్రాలో దిగి తాజ్‌మహల్ చూసి ఢిల్లీ చేరొచ్చు. మూడు టికెట్ల ఖరీదు పెట్టనక్కర్లేదు. టికెట్ కొనేటప్పుడే ఎక్కడ దిగుతామో, ఏ రోజు ఏ బండి ఎక్కుతామో చెప్పి ముందు బండికి కూడా రిజర్వేషను చేయించుకోవాలి. దిగినచోట టికెట్ మీద స్టేషనులో రాయించుకోవాలి. ఈ రాయించుకోవడం మర్చిపోతే హక్కు చెప్పుకోవడం కష్టం.

డిపార్టుమెంటు టూర్లు వేసేవాళ్ళు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. బయల్దేరిన స్టేషనుకే తిరిగి చేరేటట్టు చుట్టూ తిరిగి వచ్చే ప్రయాణానికి సర్క్యులర్ జర్నీ టికెట్ ఇస్తారు. తిరుపతి – చెన్నై – మదురై – కన్యాకుమారి – తిరువనంతపురం – ఎర్నాకుళం – కోయంబత్తూరు – బెంగళూరు – తిరుపతి అనుకోండి. మొత్తం దూరాన్ని రెండు సగాలు చేసి, రెండు ప్రయాణాల కింద చార్జీ కడతారు. ఎనిమిది మజిలీల దాకా ఆగొచ్చు. ఊరూరా విడివిడిగా టికెట్లు కొనడంతో పోల్చి చూడండి, తేడా ఎంతో మీకే తెలుస్తుంది. దీనికి కౌంటరు దగ్గరకి పోతే కాదు. డివిజనల్ కమర్షియల్ అధికారికి ముందుగా దారీ మజిలీలూ రాసి దరఖాస్తు పెట్టాలి.

గుంపుగా వెళ్ళేటప్పుడు చివరి నిమిషంలో ఒకరిద్దరు మానేస్తారు. ఆ టికెట్లు వృథా అవనక్కర్లేదు. గుర్తింపు వున్న విద్యాసంస్థ ప్రిన్సిపాలు గారు బండి బయల్దేరడానికి 48 గంటల ముందు రాసి ఇస్తే, అదే సంస్థ విద్యార్థి ఇంకొకరి పేరు మీదికి మార్చుకోవచ్చు. గుంపులో పదోవంతు మందికి మించకుండా, ఒక్కసారి మాత్రమే.

కాలేజీ బీరువాలో వున్న సగం చార్జీ

ఇక అసలు సంగతికి వస్తాను. 2020 మార్చి 20 నుంచి రైల్వే చాలా రాయితీలు ఆపేసింది. అంతకు ముందు 60 ఏళ్ళు దాటిన మగవాళ్ళకి 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకి 50 శాతం తగ్గింపు వుండేది. అది పోయింది. ఇంటర్వ్యూలకి వెళ్ళే నిరుద్యోగులకి వుండేదీ పోయింది. ఆ రోజున మిగిల్చినవి కొన్ని రకాల వికలాంగులకీ, కొన్ని జబ్బుల రోగులకీ, విద్యార్థులకీ ఇచ్చే రాయితీలు. మనం ఆ కొద్దిమందిలో వున్నాం. వుండీ వాడుకోవటం లేదు!

సొంత ఊరికి వెళ్ళడానికీ, విద్యా యాత్రలకీ విద్యార్థికి సెకండు క్లాసులోనూ స్లీపరులోనూ 50 శాతం రాయితీ వుంది. షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులకి 75 శాతం. పరిశోధక విద్యార్థులకి 35 ఏళ్ళ వయసు దాకా, పరిశోధన పని మీద వెళ్ళే ప్రయాణాలకి 50 శాతం. యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ల మెయిన్ రాత పరీక్షకి వెళ్ళేవాళ్ళకి సెకండు క్లాసులో 50 శాతం.

పద్ధతి ఇది. రాయితీ ఫారాలు కాలేజీ ఆఫీసులో వుంటాయి. వూరి పేరు, దగ్గర స్టేషను, వయసు రాసి ప్రిన్సిపాలు గారి సంతకం, ముద్ర వేయించుకోవాలి. అది తీసుకుని స్టేషను కౌంటరుకి వెళ్ళాలి. ఫోనులో కొనే టికెట్‌కి ఈ రాయితీ రాదు. తత్కాల్‌కీ రాదు. ఏసీకీ లేదు. రాయితీ మూల చార్జీ మీదే. అదీ మెయిల్, ఎక్స్‌ప్రెస్ చార్జీని లెక్కలోకి తీసుకునే. రిజర్వేషను, సూపర్‌ఫాస్ట్ రుసుములు పూర్తిగా కట్టాలి. రిజర్వేషను లేని జనరల్ టికెట్‌కి కూడా ఇది వర్తిస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఇక్కడ నా గదిలో వుండిన మిత్రుడి గురించి చెప్పాలి. పేరు చెప్పను. చెప్పమని అతని అనుమతి తీసుకుని, పేరు వద్దన్న షరతు మీద రాస్తున్నాను. ఆదిలాబాదు వైపు నుంచి వచ్చినవాడు. షెడ్యూల్డు కులాల స్కాలర్‌షిప్పు మీద చదువుతున్నాడు. ఒక సాయంత్రం ఇంటి నుంచి ఫోను. తల్లికి ఒంట్లో బాగాలేదు, ఆస్పత్రిలో చేర్చేరు. చేతిలో 600 రూపాయలున్నాయి. ఆ డబ్బు తల్లికి మందులకి వుంచాలనుకున్నాడు. తత్కాల్ ఆలోచన కూడా చేయలేదు. జనరల్ పెట్టె ఎక్కేశాడు. టికెట్ కొనలేదు.

దారిలో తనిఖీ వచ్చింది. టికెట్ లేకపోతే అప్పటిదాకా వచ్చిన దూరానికి చార్జీ, దాని మీద కనీసం 250 రూపాయల అపరాధ రుసుం. తల వంచుకుని కట్టేడు. ముందుకి పోవడానికి మిగిలిన దూరానికీ కట్టేడు. ఊళ్ళో దిగేసరికి చేతిలో వందకి తక్కువ. తల్లి కోలుకుంది, అదృష్టం. కాని తిరిగి వచ్చేక నాతో అన్న మాట ఒకటుంది. "డబ్బు పోయినందుకు కాదురా, పెట్టెలో అందరూ నన్ను దొంగని చూసినట్టు చూసేరు."

నేను మర్నాడు ఆఫీసుకి వెళ్ళేను. రాయితీ ఫారాలు వున్నాయా సార్ అని అడిగేను. గుమాస్తా గారు బీరువా తీసి పుస్తకం బయటికి లాగేరు. దుమ్ము దులిపేరు. సగం పైన ఖాళీ ఫారాలే. "ఎవరూ అడగరు బాబూ, అడిగితే ఇస్తాం" అన్నారు. ఆయన తప్పు కాదు. కాని ఆ పుస్తకంలోంచి ఒక్క కాగితం నా మిత్రుడి జేబులో వుండి వుంటే, నాలుగోవంతు చార్జీతో, వంద రూపాయల లోపు ఖర్చుతో, తలెత్తుకుని తల్లి దగ్గరకి వెళ్ళేవాడు. అతనికి హక్కుగా వున్నదాన్ని అతను దొంగతనంగా తీసుకోవలసి వచ్చింది. ఆ హక్కు మా గదికి రెండు వందల గజాల దూరంలో బీరువాలో వుంది.

ఎప్పుడు కొనాలి?

రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబరు 1కి ముందు ఇది 120 రోజులు. మనకి సెలవుల పట్టిక ముందే తెలుస్తుంది గనుక 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. సంక్రాంతి జనవరి 14 అయితే, 12న బయల్దేరేవాడికి నవంబరు రెండో వారంలోనే పని. సెమిస్టరు పరీక్షల హడావుడిలో దీన్ని మర్చిపోతాం. మర్చిపోయినవాళ్ళమంతా తత్కాల్ దగ్గర కలుసుకుంటాం.

తత్కాల్ ప్రయాణానికి ముందురోజు తెరుస్తారు. ఏసీకి ఉదయం 10 గంటలకి, మిగిలినవాటికి 11 గంటలకి. స్లీపరులో మూల చార్జీ మీద 30 శాతం అదనం, 100 రూపాయలకి తగ్గకుండా 200కి మించకుండా. బెర్తు ఖాయమైన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే ఒక్క పైసా తిరిగి రాదు. రాయితీ పోతుంది, అదనం పడుతుంది. అంటే విద్యార్థికి తత్కాల్ స్లీపరు దాదాపు రెండున్నర టికెట్ల ఖరీదు. కాని కూర్చునే సెకండు క్లాసుకి తత్కాల్ అదనం 10 శాతమే, అదీ 15 రూపాయలకి మించదు. రత్నాచల్, జన్మభూమి లాంటి పగటి బళ్ళు వున్న దారిలో అత్యవసరం పడితే ఇది గుర్తుంచుకోండి.

ప్రీమియం తత్కాల్ జోలికి పోకండి. బెర్తులు అమ్ముడయ్యేకొద్దీ అక్కడ ధర పెరుగుతుంది. 2016 సెప్టెంబరు 9 నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో బళ్ళలోనూ ఇలాంటి పద్ధతే పెట్టేరు. ప్రతి పదోవంతు సీట్లకీ 10 శాతం చొప్పున ఒక హద్దు దాకా పెరుగుతుంది. వాటిలో వెళ్ళక తప్పదంటే మొదటి రోజునే కొనాలి.

ఏ బండి, ఏ పెట్టె?

ఒకే ఊరికి రెండు దారులుంటే దూరం చూడండి. సికింద్రాబాదు నుంచి విజయవాడకి కాజీపేట మీదుగా పోయే బళ్ళున్నాయి, నల్గొండ, గుంటూరుల మీదుగా పోయేవీ వున్నాయి. చార్జీ బండి నడిచిన దూరానికే.

సూపర్‌ఫాస్ట్ అయితే అదనపు రుసుం. రాత్రంతా నిద్రపోయే ప్రయాణంలో రెండు గంటలు ముందు చేరడానికి 30 రూపాయలు పెట్టాలా అన్నది మీరే తేల్చుకోండి. అమ్మానాన్నలని ఏసీలో తీసుకువెళ్ళాలనుకునేవారు గరీబ్ రథ్ బళ్ళు చూడండి. విశాఖపట్నం – సికింద్రాబాదు, సికింద్రాబాదు – యశ్వంతపూర్ మధ్య అవి వున్నాయి. మామూలు థర్డ్ ఏసీ కంటే తక్కువ. 2021లో వచ్చిన త్రీ ఏసీ ఎకానమీ పెట్టెలు కూడా కొంచెం చవక.

పూర్తి చార్జీ కట్టేవారు టికెట్ కొనేటప్పుడు పై తరగతికి మార్చడానికి ఒప్పుకుంటున్నట్టు గుర్తు పెట్టండి. పై తరగతిలో ఖాళీలు మిగిలితే అదనం లేకుండా అక్కడ బెర్తు ఇస్తారు. మా సీనియరు ఒకరికి స్లీపరు టికెట్ మీద థర్డ్ ఏసీ వచ్చింది. ఆయన ఆ దుప్పటి గురించి నెల రోజులు చెప్పేరు.

జనరల్ పెట్టె అన్నిటికంటే చవక. 1974లో మూడో తరగతి పేరు తీసేశారు గాని, పండగ రోజుల్లో జనరల్ పెట్టెలో నిలబడ్డవాడికి అది పోయినట్టు అనిపించదు. 200 కిలోమీటర్లు, ఆపైన దూరానికి జనరల్ టికెట్ మూడు రోజుల ముందునుంచీ ఇస్తారు. వరసలో నిలబడే బాధ తప్పుతుంది. పగటి ప్రయాణానికి ఫరవాలేదు. రెండు రాత్రుల ప్రయాణానికి, ముఖ్యంగా పరీక్ష రాయబోయేవాళ్ళకి, నేను సలహా ఇవ్వను. 200 రూపాయలు మిగుల్చుకుని పరీక్ష హాల్లో నిద్రపోయినవాణ్ణి ఎరుగుదును.

చేయకూడనివి

టికెట్ లేకుండా ఎక్కొద్దు. పైన చెప్పిన కథ చాలు. ఇంకొకరి పేరు మీద వున్న టికెట్ కొనొద్దు. 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేసేవాడికి మూడేళ్ళ దాకా జైలు. కొన్నవాడికి చేతిలో కాగితం మిగులుతుంది, బెర్తు మిగలదు. అనుమానంగా నాలుగు తేదీలకి నాలుగు టికెట్లు కొని మూడు రద్దు చేయడం కూడా చవక కాదు. ప్రతి రద్దుకీ కోత వుంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ పెరుగుతుంది. బండి మూడు గంటలకి మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే మాత్రం మొత్తం డబ్బు వెనక్కి అడగొచ్చు. అడగాలి.

అన్నట్టు, ఈ తగ్గింపులు అడగడం రైల్వేని దోచుకోవడం కాదా అని మా తరగతిలో ఒకరు వాదించేరు. ప్రయాణం ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని రైల్వేయే కొన్నేళ్ళు టికెట్ల మీద అచ్చు వేసింది. నిజమే. మిగతాది చాలావరకు సరుకుల రవాణా రాబడి మోస్తుంది. కాని ఆ తగ్గింపు ఎవరికోసం పెట్టేరో వాళ్ళకే అందకపోతే, అది కాగితం మీద దానం. అందవలసినవాడు అడిగి తీసుకోవడమే దానికి న్యాయం.

విద్యార్థి సంఘానికి ఒక మనవి

ప్రతి సెలవులకీ 65 రోజుల ముందు మెస్సు గోడ మీద ఒక కాగితం అంటించండి: ఫలానా తేదీన రిజర్వేషను తెరుస్తారు, రాయితీ ఫారాలు ఆఫీసులో వున్నాయి, రెండు రోజుల్లో సంతకాలు చేయించి ఇస్తాం అని. సంఘం కార్యదర్శి అందరి ఫారాలూ ఒక్కసారి పట్టుకెళ్ళి ప్రిన్సిపాలు గారి సంతకాలు తెస్తే, ఆయనకీ శ్రమ తక్కువ, మనకీ తక్కువ. మొదటి సంవత్సరం చేరినవాళ్ళకి హాస్టలు నియమాలతోపాటు ఈ సంగతి కూడా చెప్పండి. దీనికి చందాలు అక్కర్లేదు. ఒక కాగితం, కొంచెం జిగురు, ఒక మనిషి చాలు.

కిందటి సంక్రాంతికి నేనూ నా మిత్రుడూ ఫారాలు నింపించుకుని కౌంటరుకి వెళ్ళేం. అతను ఉత్తరానికి, నేను తూర్పుకి. టికెట్ చేతికి వచ్చేక అతను దాన్ని రెండుసార్లు చదివేడు. చదివి మడిచి, చొక్కా పై జేబులో పెట్టుకున్నాడు, అందరికీ కనిపించేటట్టు.

నేను ఇంటికి వెళ్ళేక మా నాన్నకి టికెట్ చూపించాను. "ఈమాటు ఒక్కటేనేటి?" అన్నాడు. ఒక్కటే నాన్నా, అన్నాను.

ఈ ఏప్రిల్‌తో నా చదువు అయిపోతుంది. రాయితీ కూడా అయిపోతుంది. ఆ పుస్తకంలో నా తర్వాత వచ్చేవాళ్ళకి ఫారాలు ఇంకా మిగిలే వున్నాయి. వాటిమీద మళ్ళీ దుమ్ము పట్టనివ్వకండి.